ఊరికి చెప్పడం, ఊరు చెప్పడం

నంగునూరు మండలంలో నేడు నల్లా నీళ్లు రావన్న కబురైనా, వడ్ల కొనుగోలు కేంద్రం తెరుస్తున్నారన్న కబురైనా ముందు సెల్‌ఫోన్‌కే చేరుతుంది. యాభై ఏళ్ల కింద ఆ పని డప్పుది. కావలికారు కచీరు కాడ మొదలుపెట్టి వాడవాడా తిరిగేవాడు. నాలుగు దెబ్బలు కొట్టి, ఆగి, గొంతెత్తి సంగతి చెప్పి, ముందుకు నడిచేవాడు. చదువు రానివాళ్లకూ అందే సాటింపు అది. అయితే మాట పటేల్, పట్వారీల నుంచి వచ్చేది. ఊరి మాట పైకి పోవడానికి అలాంటి దారి లేదు. పల్లెకు వచ్చిన ప్రతి యంత్రాన్నీ నేను ఈ ఒక్క లెక్కనే చూస్తాను: అది ఊరికి చెప్పిందా, ఊరిని చెప్పనిచ్చిందా?

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు, గ్రామసేవకులతో పాటు పంచాయతీలకు రేడియోలూ వచ్చాయి. దక్కన్ రేడియో అప్పటికే, 1950లో, ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంగా మారింది. 1956లో పూనా చుట్టుపక్కల 150 ఊళ్లలో యునెస్కో సాయంతో ఒక ప్రయోగం జరిగింది. రైతులు గుంపుగా కూర్చుని కార్యక్రమం వింటారు, దాని మీద మాట్లాడుకుంటారు, తమ ప్రశ్నలు కేంద్రానికి పంపుతారు. ఫలితం బాగుందని దేశమంతా విస్తరించారు. రేడియో ఇంటింటికీ చేరాక ఆ గుంపులు చెదిరిపోయాయి, వినడం మాత్రం మిగిలింది.

తర్వాత టీవీ వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు, వాటిలో మన రాష్ట్రానివీ ఉన్నాయి. సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసింది. కోళ్లగూటి జాలీతో అల్లిన పది అడుగుల గొడుగు యాంటెన్నా బడి ముందో, పంచాయతీ ముందో నిలబెట్టారు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగులో సేద్యం, ఆరోగ్యం గురించి చెప్పే బొమ్మను ఊరంతా కలిసి చూసింది. 1976 జులై 31తో గడువు తీరింది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. గొప్ప ప్రయత్నమే, కాదనను. కానీ తెర ముందు కూర్చున్న మనిషి తెరతో మాట్లాడలేడు.

ఆ ఉపగ్రహ టీవీ ప్రయోగంలో పనిచేసిన వాళ్లలో పి.వి. సతీశ్ ఒకరు. పల్లెల కోసం కార్యక్రమాలు తీసిన దూరదర్శన్ నిర్మాత. పాత మెదక్ జిల్లాకు నంగునూరు ఒక కొసనుంటే, జహీరాబాద్ ఇంకో కొస. 1983లో మిత్రులతో కలిసి అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి, ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్లకు కెమెరా నేర్పారు, తర్వాత మైకు చేతికిచ్చారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ ధైర్యంతో 1998లో అక్కడి మాచునూరు ఊళ్లో స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు రాలేదు. వాళ్లు ఆగలేదు. వందల గంటల కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం కూటాల్లో వినిపించారు. 2006లో కేంద్రం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచింది. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మీద పలికింది. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ.

పనిచేసొచ్చి, వంట ముగించుకునే రాత్రి ఏడు గంటల వేళ ప్రసారం. జొన్న, కొర్ర విత్తనాలు ఎట్ల దాచాలో, గొడ్డుకు జబ్బు చేస్తే ఏ ఆకు నూరాలో, నాట్ల పాటలు, పండుగల ముచ్చట్లు, అన్నీ తమ ఊరి యాసలోనే. చెప్పేదీ వాళ్లే, వినేదీ వాళ్లే. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన తేదీ ఆ 2008 అక్టోబరు 15నే. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

నిపుణులూ ఇంకోవైపు నుంచి దారి వెతికారు. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చి, రైతు ఫోన్ చేసి తన భాషలో అడిగే వీలు కలిగింది. అదే ఏడు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 'ఈ-సాగు' మొదలుపెట్టింది. వరంగల్ వైపు మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలు తీసుకున్నారు. ఊరి యువకుడు చేనుచేనుకూ వెళ్లి ఆకు, కాయ, పురుగు ఫొటోలు తీస్తాడు. అప్పటి నెట్ ఆ బరువు మోయలేదు కాబట్టి ఫొటోల సీడీలు కొరియర్‌లో నగరానికి పోయేవి. నిపుణులు చూసి ఏ చేనుకు ఆ చేనుగా సలహా పంపేవారు. రైతు అడిగేదాకా ఆగకుండా చేనే తన పరిస్థితి చెప్పుకునేలా చేసిన పద్ధతి అది.

2024 మార్చి 6న రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం 'రైతు నేస్తం' మొదలైంది. మొదట 110 రైతు వేదికలను వీడియోతో కలిపి, ప్రతి మంగళవారం శాస్త్రవేత్తలతో రైతులు ముఖాముఖి మాట్లాడే ఏర్పాటు చేశారు. 1975లో దొరకని తిరుగుదారి ఇది. అయితే వేదికకు వచ్చి మాట్లాడేది పట్టా ఉన్న మగ రైతులే అయితే చాలదు. నాటేసే ఆడకూలీ, కౌలు రైతు అడగాల్సినవి వేరే ఉంటాయి. నెలలో ఒక్క మంగళవారమైనా ఏం మాట్లాడాలో ముందుగా వాళ్లే నిర్ణయించుకుని, మైకు మొదట వాళ్లే అందుకోవాలి. నంగునూరు మహిళా సంఘాలకు ఆ పని చేతకానిదేం కాదు. నలభై ఏళ్లుగా కూర్చుని మాట్లాడుకున్న అనుభవం జహీరాబాద్ వాళ్లకుంది. పిలిచి నేర్పించుకోవచ్చు.