కవాటంలో కవాటం

గుండె కవాటం చెడితే ఛాతీ తెరిచి కొత్తది అమర్చడం మనం విన్నదే. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి పంజరంలో బంతిలాంటి కవాటాన్ని వాడకంలోకి తెచ్చారు. ఇలాంటి యాంత్రిక కవాటాలు తొందరగా అరగవు గాని, నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం మందు మింగాలి. తరవాత పంది కవాటంతోనూ, ఆవు గుండెపొరతోనూ చేసినవి వచ్చాయి. వీటికి ఆ బాధ తక్కువ. అయితే పది పదిహేనేళ్లకు సున్నం పేరుకుని బిగుసుకుపోతాయి, లేదా చిరిగి కారుతాయి. అరవయ్యో ఏట ఆపరేషన్ చేయించుకున్న మనిషికి అప్పటికి డెబ్బై దాటుతాయి. మళ్లీ ఛాతీ తెరుద్దామంటే పాత కోత కింద గుండె ఎముకకు అతుక్కుని ఉండవచ్చు. వైద్యుడికీ భయమే, ఇంటివాళ్లకూ భయమే.

దీనికి దారి చూపినవాడు డెన్మార్క్ యువ వైద్యుడు హెన్నింగ్ రూడ్ ఆండర్సన్. రక్తనాళాన్ని లోపలినుంచి తెరిచి ఉంచే తీగ గొట్టాల మీద 1989లో ఒక ఉపన్యాసం విన్నాడు. గొట్టం పెద్దదైతే అందులో కవాటమే పెట్టవచ్చు కదా అనుకున్నాడు. తీగలు చేత్తో వంచి, పంది కవాటాన్ని లోపల కుట్టి, ముడిచి బెలూను మీద ఎక్కించాడు. ఆ ఏడు మే నెలలోనే, ఛాతీ కోయకుండా, ఒక పందికి అమర్చాడు. ఆ సంగతి పత్రికలో అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. కొత్త ఊహను పెద్దలు అంత తేలిగ్గా నమ్ముతారా మరి!

2000లో పారిస్‌లో ఫిలిప్ బోన్‌హోఫర్ పన్నెండేళ్ల బాలుడికి ఊపిరితిత్తుల ధమని దారిలో ఇలాంటి కవాటం పెట్టాడు. అంతకుముందు అమర్చిన కృత్రిమ గొట్టమే అక్కడ చెడింది. అంటే మనిషిలో తొలి ప్రయత్నమే పాత మరమ్మతుకు మరమ్మతు అన్నమాట. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని రువాన్‌లో అలెన్ క్రిబియే, శస్త్రవైద్యులు చేయలేమన్న 57 ఏళ్ల రోగికి తొడ నాళం గుండా బృహద్ధమని కవాటాన్ని పంపాడు. రోగి కొన్ని నెలలే బతికాడు. కవాటం మాత్రం పనిచేసింది.

చెడిన జీవకవాటంలోనే కొత్తది విప్పడం ఆ తరవాతి మెట్టు. పాత చట్రమే కొత్తదానికి ఆనుడు. పాత రేకులు పక్కకు ఒదుగుతాయి. 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. చిక్కులు లేకపోలేదు. గిన్నెలో గిన్నె పెడితే లోపలి చోటు తగ్గినట్టే ఇక్కడా దారి ఇరుకవుతుంది. ఒదిగిన రేకులు గుండెకు నెత్తురిచ్చే ధమనుల నోళ్లను మూసే ప్రమాదమూ ఉంది. అందుకని ముందే స్కానింగులో కొలతలు తీస్తారు.

యాంత్రిక కవాటంలో మాత్రం ఇది కుదరదు, దాని బిళ్ల పక్కకు ఒదగదు కనుక. 1990 డిసెంబరులో తిరువనంతపురంలో తొలిసారి అమర్చిన మన చిత్ర కవాటం ఆ జాతిదే. అది చెడితే ఇవాళ్టికీ ఛాతీ తెరవవలసిందే.