కబురు రాకపోవడమే కబురు

తలుపు తెరిస్తే ఫోన్‌కి కబురు, నీళ్ల ట్యాంకు నిండితే కబురు, గ్యాస్ లీకైతే కబురు. ఈమధ్య మన ఇళ్లల్లో ఇలాంటి పరికరాలు బాగానే చేరాయి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల కోసం ముందుగా కొనే వస్తువు ఇప్పుడు కెమెరానే. ఇవన్నీ ఇంటర్నెట్ మీద నడిచేవే. మరి ఆ ఇంటర్నెట్టే పోతే? పోయిందన్న సంగతి మనకి ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన దారే తెగిపోయింది కదా!

ఇది ఈ కాలపు చిక్కు అనుకుంటాం గానీ, దీనికి నూట డెబ్బై ఏళ్లు దాటాయి.

1853లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆగస్టస్ రస్సెల్ పోప్ అనే చర్చి బోధకుడు కరెంటుతో మోగే దొంగల గంటకి పేటెంటు తీసుకున్నాడు. తలుపులకీ కిటికీలకీ తీగలు బిగిస్తారు. తలుపు తీయగానే తీగలు కలుసుకుని, కరెంటు పారి, గంట మోగుతుంది. దొంగ వెంటనే తలుపు మూసేసినా మోత ఆగదు. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ హక్కులు కొనుక్కుని, రెండేళ్ల తర్వాత న్యూయార్క్ చేరి దాన్ని పెద్ద వ్యాపారం చేశాడు.

అంతా బాగుంది. కానీ ఈ పద్ధతిలో తీగ తెగిపోతే గంట మోగదు. బ్యాటరీ అయిపోయినా మోగదు. దొంగ రాకపోయినా మోగదు. మూడూ ఒకటే నిశ్శబ్దం! మంచం మీద పడుకున్న ఇల్లాలికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

దీనికి విరుగుడు తలకిందులుగా ఆలోచించడమే. తీగలో ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండాలి, ఆగితేనే గంట మోగాలి. అప్పుడు తలుపు తెరిచినా, తీగ కోసినా, బ్యాటరీ చచ్చినా అన్నీ గంటగానే వినిపిస్తాయి. రైళ్ల విషయంలో ఈ సంగతిని పట్టుకున్నది విలియం రాబిన్సన్. పట్టాల మీద రైలు ఉందో లేదో చెప్పే ఏర్పాటుని ఆయన ముందు మామూలు పద్ధతిలోనే చేశాడు. తీగ తెగితే రైలున్న పట్టా కూడా ఖాళీ అని చూపిస్తుందని గ్రహించి, 1872లో దాన్ని తిరగేసి పేటెంటు పుచ్చుకున్నాడు. పట్టాల్లో కరెంటు పారుతున్నంతసేపే దారి ఖాళీ అన్నట్టు. రైలు వచ్చినా, పట్టా విరిగినా, బ్యాటరీ పోయినా ఎర్ర సిగ్నలే. ఇప్పటికీ మన రైళ్లు చాలాచోట్ల ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

దీనికి ఖర్చు మాత్రం ఉంది. రాత్రింబవళ్లు కరెంటు పారాలంటే దానికి తగ్గ బ్యాటరీలు కావాలి. ఆ రోజుల్లో అవి గాజు జాడీలు. అడుగున మైలుతుత్తం వేసి, ఒక రాగి పలక, పైన ఒక జింకు ముక్క పెట్టేవారు. మైలుతుత్తం తరుగుతూ ఉంటే మళ్లీ వేయాలి, నీళ్లు తగ్గితే పోయాలి. ఊరగాయ జాడీలని కనిపెట్టుకుని ఉన్నట్టు వాటిని ఒకళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిందే. క్షేమంగా ఉన్నామని క్షణక్షణం చెప్పుకోవడం చవకైన పని కాదు.

మన పాత ఉత్తరాలు గుర్తున్నాయా? ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం అని మొదలయ్యేవి. ఆ వాక్యంలో విశేషమేమీ లేదని చదువుకునే రోజుల్లో నవ్వుకునేవాళ్లం. విశేషం లేకపోవడమే ఆ కార్డు చేసే పని! పదిహేను రోజులకోసారి వచ్చే కార్డు ఇరవై రోజులైనా రాకపోతే, అమ్మమ్మ పోస్ట్‌మాన్ కోసం వీధి అరుగు మీద కూర్చునేది. టెలిగ్రాం అయితే చెడు జరిగాకే వచ్చేది. రాని కార్డు ముందే కంగారు పెట్టేది.

అయితే దీనికి గడువు ఉండాలి. రామాయణంలో సీతను వెతకడానికి వానరులని నలుదిక్కులకీ పంపుతూ సుగ్రీవుడు నెల గడువు పెట్టాడు. గడువు లేకపోతే తిరిగి రాకపోవడం ఆలస్యమో ఆపదో ఎవరికి తెలుస్తుంది?

ఇంటి పరికరాల్లో చాలావాటికి మాట్లాడుకోవడానికి ఒక భాష ఉంది, ఎంక్యూటీటీ అంటారు. 1999లో ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే మరో ఇంజనీరు కలిసి తయారుచేశారు. ఇళ్ల కోసం కాదు. ఎక్కడో దూరాన ఉన్న చమురు పైపులైన్ల సంగతులు ఉపగ్రహం ద్వారా తెలుసుకోవడానికి. అందులో ఒక ఏర్పాటు పేరు విని నాకు ఒళ్లు జలదరించింది: లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్. అంటే వీలునామా. ప్రతి పరికరమూ పనిలోకి దిగేటప్పుడే కబుర్లు పంచే సర్వర్ దగ్గర ఒక మాట రాసి ఉంచవచ్చు: నేను చెప్పకుండా మాయమైతే ఈ కబురు అందరికీ పంపు అని. చెప్పి వెళ్తే ఆ కాగితం చింపేస్తారు. చెప్పకుండా పోతే చదివి వినిపిస్తారు. గడువు కూడా పరికరమే చెప్పుకుంటుంది. అరవై సెకన్లు అందనుకోండి, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే తొంభై సెకన్లు చూసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే వీలునామా తీస్తారు.

ఇక్కడే ఒక మెలిక. వీలునామా ఎవరి దగ్గర ఉంచామన్నది ముఖ్యం. ఆ సర్వర్ ఇంట్లోనే ఉంటే, తలుపు దగ్గరి పరికరం పోయినప్పుడు అది ఇంట్లోవాళ్లకి చెప్పగలదు. మొత్తం ఇంటికే ఇంటర్నెట్ పోతే, తనూ నోరు నొక్కేసినట్టే. ఇల్లు తగలబడితే పనికొచ్చే కాగితం ఆ ఇంటి బీరువాలోనే దాచుకున్నట్టు. అందుకని కనిపెట్టేవాళ్లు ఇంటి బయట ఉండాలి.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిది. తెనాలిలో ఒక్కరే ఉంటారు, రమ్మంటే రారు. బాత్రూంలో నొక్కే బటన్, వీధి తలుపుకి సెన్సర్ పెట్టాం. పోయిన వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం వాళ్ల వీధిలో కేబుల్ తెగింది. రాత్రి తొమ్మిది దాకా హైదరాబాద్‌లో నా ఫోన్‌లో యాప్ పచ్చగానే ఉంది, తలుపు మూసి ఉంది అంటూ. అది మధ్యాహ్నం నాటి మాట! ఆ పరికరం అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, నెట్ లేకపోతే మేమేం చేస్తామండీ అన్నారు. నూట యాభై ఏళ్ల కిందట రైలు పట్టాలకి చేయగలిగింది ఇప్పుడు చేయలేరా అని నాకు ఒళ్లు మండింది.

మా అబ్బాయి కూర్చుని ఒక ఏర్పాటు చేశాడు. ఇంట్లో పెట్టెలాంటి చిన్న కంప్యూటర్ పది నిమిషాలకోసారి బయటి సర్వర్‌కి ఉన్నాను అని చెబుతుంది. చెప్పకపోతే ఆ సర్వర్ మాకు కబురు పంపుతుంది. మొదటి వారం అర్ధరాత్రుళ్లు లేపి చంపింది, నెట్ రెండు నిమిషాలు తడబడినా సరే. గడువు అరగంటకి పెంచాం. బటన్‌కి మాత్రం సిమ్ కార్డు ఉన్న పరికరం వేరే తెచ్చాం, అది నెట్‌తో పని లేకుండా ఎస్సెమ్మెస్ పంపుతుంది.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌కి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి ఆ తీగ మీదే వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఇప్పటి ఫైబర్ డబ్బాకి మన గోడ ప్లగ్గే దిక్కు. ఇన్వర్టర్ ఉన్నా, ఆ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఇచ్చారో లేదో చాలామంది చూడరు.

ఇవన్నీ చెబితే మా అత్తగారు విని, మరి పాల సంచి మాటేమిటి అన్నారు. రోజూ పొద్దున్నే గేటుకి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ వేసి వెళ్తాడు. ఏడు దాటినా సంచి అలాగే వేలాడుతుంటే ఎదురింటి పిన్నిగారు వచ్చి తలుపు కొడతారు. ఇది వాళ్లిద్దరూ ఎప్పుడో అనుకున్న ఒప్పందమట, మాకెవరికీ చెప్పలేదు. పిన్నిగారు ఊరెళ్తే ఎవరు చూస్తారని అడిగాను. పక్క వాటాలో అద్దెకున్న అమ్మాయికి అప్పగించి వెళ్తుందిలే అన్నారు.