గట్క నుంచి సన్నబియ్యం దాకా: మెదక్ సీమలో పొట్ట కొవ్వు చరిత్ర

పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు, తుంటి మీద, తొడల మీద చేరే కొవ్వు లాంటిది కాదు. చర్మం కిందిది చాలావరకు ఉన్నచోటే నిలవ ఉంటుంది. పేగుల చుట్టూ ఉన్నది తేలిగ్గా కరిగి, కొవ్వు ఆమ్లాలుగా మారి, పేగుల నుంచి వచ్చే రక్తనాళం గుండా నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మేలు చేసే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఇన్సులిన్ ఉన్నా పనిచేయని స్థితి వస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. గుండెకు రక్తం అందించే ధమనుల్లో పూడిక త్వరపడేది ఇలాంటి ఒంట్లోనే. మెదక్ సీమలో ఈ జబ్బు చరిత్ర చిన్నది. దానికి ముందున్నదంతా ఆకలి చరిత్ర.

ఆ ఆకలికి మెదక్ పట్టణంలో రాతి సాక్ష్యమే ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మతబోధకుడు 1914లో చర్చి నిర్మాణం మొదలుపెట్టి, కరువుతో అల్లాడుతున్న చుట్టుపక్కల ఊళ్ల జనానికి పని కల్పించి, బదులుగా తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకున్న ఆ కెథడ్రల్‌ను చూడటానికి వచ్చేవారు 175 అడుగుల గోపురం వైపే తల ఎత్తుతారు. దాన్ని నిలబెట్టింది కూలీల ఖాళీ కడుపులన్న సంగతి తక్కువ మందికి గుర్తుంటుంది. కరువుకు నిజాం ప్రభుత్వం వెతికిన విరుగుడు నీళ్లు. మంజీర మీద 1905లో ఘనపూర్ ఆనకట్ట వచ్చింది. మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల కింద వరి పండింది. 1922 నాటికి పోచారం చెరువు సిద్ధమైంది. కాలువ కింద భూమి లేనివారికి మాత్రం వరి అన్నం పండుగ తిండే.

మిగతా రోజుల్లో జొన్నే దిక్కు. జొన్నల్ని విసిరి రవ్వ చేసి, కుండలో ఎసరు మరిగాక పోసి, అడుగంటకుండా తెడ్డుతో కలియబెట్టి దించితే గట్క. దాన్ని మజ్జిగతోనో, పచ్చిమిర్చి తొక్కుతోనో తిని పొద్దుగూకేదాకా పొలంలో వంగి పనిచేసేవారు. తైద అంబలి, జొన్నరొట్టె, దొరికినప్పుడు ఇంత పప్పు. ఈ తిండిని ఇప్పుడు ఆరోగ్య రహస్యంగా చెప్పుకోవడం ఫ్యాషనైంది. అసలు కథ అంత తీయగా లేదు. జొన్న తప్ప మరొకటి ఎరగని దక్కన్ పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చేతులు, కాళ్లు, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేచేవి, విరేచనాలు, మతిచలనం తోడయ్యేవి. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దీనితో సంబంధం ఉందని పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో ప్రతిపాదించారు. ఆనాటి సన్నటి నడుములకు జొన్న ఒక్కటే కారణం కాదు. చాలని తిండి, తప్పని చాకిరీ కూడా కారణాలే.

గోపాలన్ పనిచేసిన సంస్థకూ ఆకలితోనే పుట్టుక. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు పెట్టిన చిన్న విభాగం అది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇక్కడి పరిశోధకులు దశాబ్దాలపాటు బక్కచిక్కిన పిల్లల్నే తూచారు. బరువు పెరిగిన పెద్దల నడుము కొలిచే రోజు వస్తుందని వారిలో ఎవరూ అనుకుని ఉండరు.

తిండి మారిన మలుపు 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తగ్గింది, అది కాదనలేని మేలు. రేషను బియ్యం ఇంటికొచ్చాక జొన్న చేను క్రమంగా పత్తికి, మక్కకు, బోరు కింద వరికి దారి ఇచ్చింది. జొన్న మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులోనే ఉందన్నది గమనార్హం. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో మాత్రం డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాన్ని కాపాడుకున్నాయి. మిగతా సీమలో పళ్లెంలో అన్నం కుప్ప పెరిగింది. పొలానికి ట్రాక్టరు వచ్చింది, ఇంటికి మోటారు సైకిలు వచ్చింది. తిండి పెరిగిన కాలంలోనే ఒళ్లు కదిలే పని తగ్గింది.

కొవ్వు ఎంత అన్నదాని కంటే ఎక్కడ అన్నది ముఖ్యమని 1947లోనే చెప్పినవాడు ఫ్రాన్సులోని మార్సెయి వైద్యుడు జాఁ వాగ్. పొట్ట దగ్గర లావెక్కేవారికి మధుమేహం, ధమనుల జబ్బు ఎక్కువని ఆయన గమనించాడు. లోకం చాలాకాలం పట్టించుకోలేదు. బరువును ఎత్తు వర్గంతో భాగించే బీఎంఐ లెక్కే రాజ్యమేలింది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2005లో ఆ లెక్క కంటే నడుము–తుంటి నిష్పత్తే గుండెపోటును మెరుగ్గా సూచిస్తుందని తేల్చింది. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు ఇతరుల కంటే చిన్న వయసులోనే వస్తున్నట్టు కూడా అందులోనే తేలింది.

దీనికి ఒక కారణం గర్భంలోనే ఉండొచ్చు. పుణె పల్లెల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. పుణె శిశువుల్లో కండ, పొట్టలోని అవయవాలు బాగా తగ్గినా, చర్మం కింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదని చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో చూపింది. సన్నగా కనిపిస్తూనే కొవ్వు మోసే ఒళ్లు ఇది. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావారికి 25 కాకుండా 23 బీఎంఐ నుంచే జాగ్రత్త అవసరమన్నారు. నడుము హద్దు దక్షిణాసియా మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడిమధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. ప్యాంటు బెల్టు సైజు దీనికి పనికిరాదు, పొట్ట పెరిగినవారు బెల్టును కిందికే కడతారు.

చిన్నప్పటి తిండి పెద్దయ్యాక గుండెను ఎలా మారుస్తుందో చూపిన పరీక్ష మెదక్‌కు పొరుగునే, హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జరిగింది. 1987–90 మధ్య 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. 14 ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవారయ్యాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారి సహచరులు మళ్లీ పరీక్షించారు. ఆహారం అందినవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారి ఒంట్లో కొవ్వు పెరగలేదు, ధమనుల బిరుసు తక్కువ, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, బాల్యంలో పెట్టిన ముద్ద మేలు చేస్తుంది. నలభై ఏళ్లకు అదనంగా తిన్న ముద్ద పొట్టలో చేరుతుంది.

ఆ ఫలితాలు వచ్చేనాటికే గుండె జబ్బు పల్లెలకు చేరింది. గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003–04 మరణాలను లెక్కిస్తే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ పెద్దల్లో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురిది అధిక బరువు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో బీఎంఐ లెక్కన స్థూలకాయులు 28.6 శాతమైతే, పొట్ట లెక్కన 39.5 శాతం. తూకం యంత్రం ఒక్కదాన్నే నమ్మితే చాలామంది తప్పించుకుపోతారన్నమాట.

రోజువారీ శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని కూడా అవే చెబుతున్నాయి. మరోవైపు తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషను కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు.