దుకాణములలో బాలల దొంగతనము

దుకాణములలో బాలల దొంగతనము అనగా 18 సంవత్సరములు నిండని బాలబాలికలు అంగడిలో అమ్మకమునకు ఉంచిన వస్తువును వెల చెల్లించకుండా, యజమానికి తెలియకుండా తీసుకొనిపోవుట. కిరాణా కొట్టులోని చాక్లెట్టు, ఫ్యాన్సీ దుకాణములోని గాజులు, సెల్‌ఫోను దుకాణములోని ఇయర్‌ఫోనులు వంటి జేబులో పట్టే చిన్న వస్తువులే సాధారణముగా ఇటువంటి దొంగతనమునకు గురి అవుతాయి. పట్టుబడిన పిల్లలను కఠినముగా శిక్షించవలెనా లేక మందలించి సరిదిద్దవలెనా అనే విషయముపై చాలాకాలముగా చర్చ ఉన్నది. భారతదేశములో ప్రస్తుతము అమలులో ఉన్న చట్టము రెండవ మార్గమును అనుసరిస్తున్నది.

పల్నాడు జిల్లాలోని వినుకొండ వంటి పట్టణములలో దుకాణములను చాలావరకు యజమానులే స్వయముగా కూర్చుని నడుపుకుంటారు. పట్టుబడిన పిల్లవాడి తల్లిదండ్రులు తరచుగా వారికి తెలిసినవారే అయి ఉంటారు. అందువలన విషయము పోలీసు స్టేషను వరకు వెళ్ళకముందే, దుకాణము గడప వద్దనే, ఆ పిల్లవాడికి ఏమి జరగాలో నిర్ణయమైపోవచ్చును. ఆ కొద్ది నిమిషములలో పెద్దలు ప్రవర్తించే తీరు వలననే ఈ చర్చకు ప్రాముఖ్యత ఏర్పడినది.

కారణములు

పిల్లలు దొంగతనము చేయుటకు పేదరికము ఒక్కటే కారణము కాదు. స్నేహితుల పందెము, తోటివారి వద్ద ఉన్న వస్తువు తమకు లేదనే చిన్నతనము, ఇంటిలో అడిగితే తిడతారనే భయము, పట్టుబడకుండా తప్పించుకోవాలనే సాహసము, ఒక్కొక్కసారి నిజమైన ఆకలి కూడా కారణములు కావచ్చును. కౌమార దశలో కోరికల వేగము ఎక్కువగాను, పర్యవసానములను తూచి చూసే శక్తి తక్కువగాను ఉంటుంది. మెదడులో నిగ్రహమునకు సంబంధించిన భాగము ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుందని శాస్త్రజ్ఞులు చెప్తారు. కౌమారములో తప్పుదారి పట్టిన వారిలో అత్యధికులు పెద్దవారైన కొలదీ తమంతట తామే దానిని మానుకుంటారని, కొద్దిమంది మాత్రమే జీవితాంతము అదే దారిలో సాగుతారని మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మాఫిట్ 1993లో ప్రతిపాదించినది.

చరిత్ర

దుకాణములలో దొంగతనమునకు ప్రపంచములో అతి కఠినమైన శిక్ష విధించిన చట్టములలో ఇంగ్లండు దేశపు 1699 నాటి చట్టము ఒకటి. దాని ప్రకారము దుకాణము నుండి ఐదు షిల్లింగులు లేదా అంతకు మించిన విలువ గల సరుకును దొంగిలించిన వారికి మరణశిక్ష విధించవచ్చును. శిక్ష మరీ క్రూరముగా ఉన్నందున జ్యూరీలు అనేక సందర్భములలో సరుకు విలువను ఐదు షిల్లింగుల కన్నా తక్కువగా లెక్కకట్టి ముద్దాయిలను ఉరి నుండి తప్పించేవారు. ఈ శిక్షను తొలగించుటకు శామ్యూల్ రోమిలీ 1810లో తెచ్చిన బిల్లును ప్రభువుల సభ తిరస్కరించినది. తరువాత 19వ శతాబ్దపు పూర్వార్ధములోనే ఆ శిక్ష రద్దయినది.

వినుకొండ ప్రాంతము బ్రిటిషు పాలనలో మద్రాసు రాష్ట్రములో భాగము. అప్పటి భారత చట్టములలో బాలలకు కొరడా దెబ్బల శిక్ష ఉండేది. 1864 మరియు 1909 నాటి కొరడా శిక్ష చట్టములు దొంగతనము వంటి నేరములకు దీనిని అనుమతించినవి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారము 16 ఏళ్ళ లోపు వారికి గరిష్ఠముగా 15 దెబ్బలు, పెద్దవారికి 30 దెబ్బలు విధించవచ్చును. స్వతంత్ర భారతదేశములో 1955లో ఈ శిక్ష రద్దు చేయబడినది.

దీనికి సమాంతరముగా సంస్కరణ మార్గము కూడా పెరిగినది. బాల నేరస్థుల పాఠశాలల చట్టము (1897), మద్రాసు బాలల చట్టము (1920), మద్రాసు బోర్‌స్టల్ పాఠశాలల చట్టము (1925) పిల్లలను, యువకులను సాధారణ జైళ్ళ నుండి వేరుచేసినవి. 1958 నాటి ప్రొబేషన్ చట్టము మొదటిసారి దొంగతనము చేసిన వారిని మందలించి విడిచిపెట్టుటకు న్యాయస్థానములకు అధికారము ఇచ్చినది. 1986లో దేశమంతటికీ వర్తించే జువెనైల్ జస్టిస్ చట్టము వచ్చినది. అందులో బాలురకు 16, బాలికలకు 18 సంవత్సరములు వయోపరిమితిగా ఉండేది. 2000 సంవత్సరపు చట్టము ఇద్దరికీ 18 సంవత్సరములను నిర్ణయించినది. ప్రస్తుతము ఉన్న 2015 నాటి చట్టము 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చినది.

ప్రస్తుత చట్టము

2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానములో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. దాని ప్రకారము సాధారణ దొంగతనమునకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చును. సొత్తు విలువ 5,000 రూపాయలకు లోపుగా ఉండి, నేరస్థుడు మొదటిసారి దోషిగా తేలి, సొత్తును గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చినచో సమాజ సేవను శిక్షగా విధిస్తారు. సొత్తును భద్రపరచుటకు వాడే భవనములో జరిగిన దొంగతనమునకు ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్నది. ఈ శిక్షలు పెద్దవారికి వర్తించేవి. ఏడేళ్ళ లోపు పిల్లల చేతను చట్టము అసలు నేరముగా పరిగణించదు. ఏడు నుండి పన్నెండేళ్ళ మధ్య వయసు వారికి తాము చేసిన పని స్వభావమును, ఫలితమును గ్రహించే పరిపక్వత లేదని తేలినచో అదియును నేరము కాదు.

పద్దెనిమిదేళ్ళు నిండని వారి విషయము జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వస్తుంది. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. కార్యకర్తలలో కనీసము ఒకరు మహిళ అయి ఉండవలెను. చట్టములోని ముఖ్యాంశములు ఇవి:

* బాలుడిని పోలీసు లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. పట్టుకున్న 24 గంటలలోగా బోర్డు ముందు హాజరుపరచవలెను.
* 2016 నాటి కేంద్ర నమూనా నియమముల ప్రకారము ఘోరమైన నేరములలోను, పెద్దవారితో కలిసి చేసిన నేరములలోను తప్ప బాలలపై ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదు. దొంగతనమును స్టేషను డైరీలో వ్రాసి, బాలుడి సామాజిక నేపథ్యముపై నివేదిక తయారుచేయవలెను. సంకెళ్ళు వేయరాదు.
* మూడేళ్ళకు మించని శిక్ష గల చిన్న నేరములపై విచారణ నాలుగు నెలలలో ముగియవలెను. మరి రెండు నెలల గడువు ఇచ్చినా పూర్తికానిచో విచారణ ఆగిపోతుంది.
* తప్పు రుజువైనప్పుడు బోర్డు మందలించి ఇంటికి పంపవచ్చును, కౌన్సెలింగు లేదా సమాజ సేవకు ఆదేశించవచ్చును, జరిమానా వేయవచ్చును, ప్రొబేషన్‌పై విడుదల చేయవచ్చును. గరిష్ఠముగా మూడేళ్ళకు మించకుండా ప్రత్యేక గృహమునకు పంపవచ్చును.
* ఆ తీర్పు వలన భవిష్యత్తులో ఎటువంటి అనర్హత కలుగదు. నిర్ణీత గడువు తరువాత ఆ రికార్డును ధ్వంసము చేయవలెను.
* విచారణకు సంబంధించిన వార్తలలో బాలుడి పేరు, చిరునామా, పాఠశాల, చిత్రము వెల్లడించరాదు. అతిక్రమించిన వారికి ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

2012 నాటి ఢిల్లీ సంఘటన తరువాత బాలల చట్టమును కఠినము చేయాలనే ఒత్తిడి పెరిగినది. ఫలితముగా 2015 చట్టములో 16 నుండి 18 ఏళ్ళ మధ్య వారిని కొన్ని సందర్భములలో పెద్దవారివలె విచారించే అవకాశము కల్పించబడినది. అయితే అది హత్య, అత్యాచారము వంటి ఘోరమైన నేరములకే పరిమితము. దుకాణములోని దొంగతనము ఆ కోవలోకి రాదు.

కఠిన శిక్షను కోరేవారి వాదన

చిన్న వర్తకుడికి కలిగే నష్టమును తేలికగా తీసుకోరాదని వీరు అంటారు. ఉదాహరణకు 90 రూపాయలకు కొని 100 రూపాయలకు అమ్మే వస్తువు ఒకటి పోయినచో, ఆ నష్టము పూడుటకు అటువంటివి మరి తొమ్మిది అమ్మవలెను. సరుకు తగ్గితే యజమాని అనుమానము ముందుగా పనివారిపై పడుతుంది. శిక్ష లేదని తెలిసినచో పిల్లలు భయము విడిచిపెడతారని, పెద్దవారు పిల్లలను ముందుపెట్టి దొంగతనములు చేయిస్తారని వీరి ఆందోళన. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను వీరు తరచుగా ఉదహరిస్తారు.

వ్యతిరేకించేవారి వాదన

అదే సామెతను ఎదుటి పక్షము వారు కూడా వాడతారు. మొక్కను వంచవలెనే గాని విరవరాదని వారి భావము. నేరమును ఆపేది శిక్ష యొక్క తీవ్రత కన్నా దాని నిశ్చయత్వమని ఇటలీ దేశస్థుడైన బెకారియా 1764లోనే వ్రాసాడు. ప్రతిసారి పట్టుబడతాననే నమ్మకము, ఎప్పుడో ఒకసారి పడే పెద్ద శిక్ష కన్నా ఎక్కువ పనిచేస్తుంది. 2010లో క్యాంప్‌బెల్ సంస్థ తరఫున 29 ప్రయోగములను పరిశీలించిన పరిశోధకులు, పిల్లలను న్యాయస్థానముల ప్రక్రియలోకి లాగుట వలన తిరిగి నేరము చేయుట తగ్గలేదని, కొంత పెరిగినట్లు కూడా కనిపించిందని తేల్చారు. చదువు మధ్యలో ఆగిపోవుట, పాత నేరస్థులతో సహవాసము, "దొంగ" అనే పేరు అందుకు కారణములుగా చెప్పబడుచున్నవి.

పెద్దవారు పిల్లలచేత దొంగతనము చేయించుచున్నారనే ఆందోళనకు సమాధానముగా, అప్పుడు శిక్షించవలసినది చేయించిన వారినేనని వీరు గుర్తుచేస్తారు.

ముద్ర వలన కలిగే నష్టము: స్టూవర్టుపురము

"దొంగ" అనే ముద్ర ఏమి చేయగలదో తెలుగు నాట తెలిపే పెద్ద ఉదాహరణ స్టూవర్టుపురము. 1911 నాటి నేరస్థ తెగల చట్టము క్రింద కొన్ని కులముల వారు పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణింపబడినారు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పాఠశాలలలో ఉంచే అధికారమును కూడా ఆ చట్టము ప్రభుత్వమునకు ఇచ్చినది. బాపట్ల సమీపములో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబముల కొరకు ఏర్పడిన ఆవాసమే స్టూవర్టుపురము. 1952లో దేశమంతటా ఈ చట్టము రద్దయినది. కాని ఆ ఊరి పేరు చెబితే దొంగలనే భావన మాత్రము దశాబ్దముల పాటు పోలేదు. ఏ తప్పూ చేయని పిల్లలు కూడా ఆ పేరును మోయవలసి వచ్చినది.

1970వ దశకములో అక్కడ సంస్కరణ కార్యక్రమమునకు పూనుకున్న వారిలో ముఖ్యులు హేమలతా లవణం (1932 - 2008) మరియు ఆమె భర్త లవణం. హేమలత వినుకొండలో జన్మించిన మహాకవి గుర్రం జాషువా కుమార్తె. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. ఈ దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా నేరము చేసిన వారితో, వారి కుటుంబములతో కలిసి పనిచేసారు. శిక్ష కన్నా నమ్మకము, ఉపాధి, పిల్లల చదువు మనిషిని మార్చగలవని వారి కృషి చాటినది. హేమలత తన అనుభవములను "నేరస్థుల సంస్కరణ" అనే పుస్తకముగా వెలువరించినది.

పిల్లవాడు పట్టుబడినప్పుడు

చట్టము శిక్షను వద్దన్నదే గాని బాధ్యతను వద్దనలేదు. తీసిన వస్తువును లేదా దాని వెలను బాలుడే స్వయముగా యజమానికి తిరిగి ఇచ్చి తప్పు ఒప్పుకొనుట, తల్లిదండ్రులను పిలిపించుట, అవసరమైనచో పోలీసు స్టేషనులోని బాలల సంక్షేమ అధికారికి తెలుపుట సరియైన మార్గములు. పిల్లవాడిని స్తంభమునకు కట్టివేయుట, కొట్టుట, గుండు కొట్టించుట, గదిలో బంధించుట వంటివి చేసినచో యజమానియే అక్రమ నిర్బంధము, గాయపరచుట వంటి నేరములకు ముద్దాయి కాగలడు. సి.సి. కెమేరా దృశ్యములను ఫోనులలో పంచుట మరింత హానికరము. బోర్డు రికార్డును కొంతకాలము తరువాత ధ్వంసము చేయవచ్చును గాని, ఊరంతా చూసిన దృశ్యమును ఎవరూ వెనుకకు తీసుకోలేరు.

ఇవి కూడా చూడండి

* వినుకొండ
* హేమలతా లవణం
* స్టూవర్టుపురం
* జువెనైల్ జస్టిస్ చట్టం
* భారతీయ న్యాయ సంహిత