చేప గుడ్డుకి ఎండ దెబ్బ తగిలితే?

ఈరోజు చెప్పబోయే చరిత్ర రాజులది కాదు, యుద్ధాలది కాదు. మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే ఒక చేప గుడ్డుది.

సముద్రంలో చాలా చేపలు గుడ్లను నీళ్లలోకి వదిలేసి వెళ్లిపోతాయి. గూడు లేదు, కాపలా లేదు. అద్దంలా ఉండే ఆ గుడ్లు పైపైనే తేలుతుంటాయి. అద్దంలా ఉండటం మంచిదే, తినడానికొచ్చే చేపలకి తొందరగా కనబడవు. కానీ ఎండ కూడా అంతే తేలిగ్గా లోపలికి దిగుతుంది. ఎండలోని యూవీ-బి డీఎన్‌ఏ మీద పడితే, పక్కపక్కనున్న రెండు థైమిన్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ కాపీ ఆగిపోతుంది. లోపల కన్ను, మెదడు తయారవుతున్న టైమ్‌లో ఇది జరిగితే ఎలా ఉంటుందో చూడండి.

1974లో మారియో మోలినా, షేర్‌వుడ్ రోలాండ్ ఒక బాంబు పేల్చారు. స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీలు ఓజోన్ పొరని తినేస్తాయన్నారు. అందరూ చర్మ క్యాన్సర్ గురించి భయపడ్డారు. మరి సముద్రం సంగతి? కాలిఫోర్నియాలోని లా హోయాలో జాన్ హంటర్ బృందం ఆంకోవీ, అంటే మన నెత్తళ్ల చుట్టం, ఇంకా మాకెరెల్ గుడ్లని యూవీ దీపాల కింద పెట్టి చూసింది. 1979లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం పిల్లల మెదడులో, కళ్లలో గాయాలు కనిపించాయి, ఎదుగుదల కూడా తగ్గింది.

ఇక్కడ కథ ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, పక్కా డీబగ్గింగ్ స్టోరీ. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ యూవీతో సూక్ష్మజీవుల్ని చంపుతున్నాడు. ప్రతిసారీ బతికినవాటి లెక్క మారిపోతోంది. ఒకే ప్రయోగం, వేరే వేరే అవుట్‌పుట్! ముందు ఉష్ణోగ్రతని అనుమానించాడు. కాదు. చివరికి దొరికిన దొంగ కిటికీ. అక్కడ పడ్డ మామూలు వెలుతురే దెబ్బతిన్న కణాల్ని బతికిస్తోంది. 1949లో అది ప్రచురించాడు. తర్వాత తేలిందేంటంటే, ఫోటోలైయేజ్ అనే ఎంజైమ్ కనబడే వెలుతురు సాయంతో ఆ అతుకుల్ని విడదీస్తుంది. మన మనుషులకి ఈ ఎంజైమ్ లేదు. చేపలకి ఉంది! ఆంకోవీ పిల్లల్లోనూ ఈ రిపేర్ జరుగుతుందని 1981లో కౌప్, హంటర్ చూపించారు. అంటే కాల్చేదీ ఎండే, కుట్లు వేసేదీ ఎండే. అందుకే ఒట్టి యూవీ దీపం కింద వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు సముద్రానికి అంటగట్టలేం.

1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం. 1997లో మరో బృందం ఎర్ర రక్తం లేని ఐస్‌ఫిష్ గుడ్లని అంటార్కిటిక్ నీళ్లలోంచే తీసి చూస్తే, డీఎన్‌ఏ గాయాలు నిజంగానే ఉన్నాయి. ఇది ల్యాబ్ దీపం కాదు, అసలు ఎండ.

మరి చేపలు ఎందుకు మాయమైపోలేదు? కెనడాలో సెయింట్ లారెన్స్ గల్ఫ్‌లో హోవర్డ్ బ్రౌమన్ వాళ్లు కాడ్ గుడ్ల మీద చేసిన పనిలో దీనికి కొంత జవాబుంది. నీటి పైపొరలో ఉన్న గుడ్లు యూవీ-బికి దెబ్బతింటాయి. కానీ గాలికీ అలలకీ గుడ్లు కిందికి కలిసిపోతాయి, యూవీ-బి అంత లోతుకి దిగదు. పైగా కుళ్లిన ఆకుల్లోంచి కరిగి, నదుల వెంట వచ్చే గోధుమరంగు పదార్థం యూవీని పీల్చేసుకుంటుంది. కాడ్ గుడ్లకి సన్‌స్క్రీన్ అడవుల నుంచి వస్తోందన్నమాట. అంటార్కిటికా తీరంలో అడవులూ లేవు, అలాంటి నదులూ లేవు.