మైక్రో ఆర్.ఎన్.ఏ.

మైక్రో ఆర్.ఎన్.ఏ. అనగా సుమారు 22 న్యూక్లియోటైడుల పొడవు గల అతి చిన్న ఆర్.ఎన్.ఏ. అణువు. జంతువులు, మొక్కల కణాలలోను, కొన్ని వైరస్‌లలోను ఇవి కలవు. వీటి నుండి ప్రోటీన్లు తయారు కావు. వార్తాహర ఆర్.ఎన్.ఏ.లకు అతుక్కొని, వాటి నుండి తయారయ్యే ప్రోటీన్ల పరిమాణాన్ని తగ్గించడమే వీటి ముఖ్యమైన పని.

ఆవిష్కరణ

1993లో అమెరికాకు చెందిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల బృందాలు సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే పురుగులో వీటిని కనుగొన్నాయి. ఈ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. లిన్-4 అనే జన్యువు లోపించిన పురుగులలో తొలి డింభక దశకు చెందిన కణ విభజనలే మళ్ళీ మళ్ళీ జరిగేవి. లిన్-14 జన్యువు లోపిస్తే, ఇందుకు విరుద్ధంగా, ఆ దశే ఉండేది కాదు. లిన్-4 నుండి వెలువడే చిన్న ఆర్.ఎన్.ఏ., లిన్-14 వార్తాహర ఆర్.ఎన్.ఏ.తో జతపడి దానిని అణచివేస్తుందని తేలింది. ఇది ఆ పురుగుకే పరిమితమైన వింత అని అప్పట్లో భావించారు. 2000లో వెల్లడైన లెట్-7 మానవునితో సహా అనేక జంతువులలో ఉన్నట్లు తెలియడంతో ఆ అభిప్రాయం మారిపోయింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తయారీ

కేంద్రకంలో మొదట పొడవైన ఆర్.ఎన్.ఏ. పోగు ఏర్పడుతుంది. జంతువులలో డ్రోషా అనే ఎంజైము దీని నుండి, తలపిన్ను వలె మడతపడిన సుమారు 70 న్యూక్లియోటైడుల ముక్కను వేరుచేస్తుంది. ఆ ముక్క కణద్రవ్యంలోనికి చేరిన పిదప డైసర్ అనే ఎంజైము దానిని మరింత కత్తిరిస్తుంది. మిగిలిన జంట పోగులలో ఒకటి ఆర్గోనాట్ ప్రోటీనులో ఇముడుతుంది.

పనిచేయు విధానం

మొక్కలలో ఈ పోగు తన లక్ష్యంతో దాదాపు పూర్తిగా జతపడి, సాధారణంగా దానిని తెగేటట్లు చేస్తుంది. జంతువులలో అంతటి పొంతన అవసరం లేదు. 2 నుండి 8 వరకు గల న్యూక్లియోటైడులు కుదిరితే చాలును. ఈ భాగాన్ని విత్తనం అంటారు. అప్పుడు ప్రోటీను తయారీ మందగిస్తుంది, వార్తాహర ఆర్.ఎన్.ఏ. త్వరగా క్షీణిస్తుంది. పొంతన ఇంత స్వల్పం కనుకనే ఒక్క మైక్రో ఆర్.ఎన్.ఏ. వందల జన్యువులను ప్రభావితం చేయగలదు. అయితే ఒక్కొక్క జన్యువుపై ఆ ప్రభావం తరచు స్వల్పమే. కావున దీనిని దీపాన్ని ఆర్పే మీటతో కాక, వత్తిని తగ్గించడంతో పోల్చడం సబబు.

వ్యాధులు, చికిత్స

మిర్-15, మిర్-16 అనేవి కణం చావును అడ్డుకొనే బి.సి.ఎల్.-2 ప్రోటీనును తగ్గిస్తాయి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగులలో చాలామందికి ఈ రెండూ ఉన్న 13వ క్రోమోజోము భాగం లోపించి ఉంటుంది. కాలేయంలో సమృద్ధిగా ఉండే మిర్-122 కథ వేరు. హెపటైటిస్ సి వైరస్ దీనిని తన ఆర్.ఎన్.ఏ. మొదటి కొసకు అతికించుకొని రక్షణ పొందుతుంది. అణచవలసినదే ఇక్కడ తోడ్పడుతుంది. మిర్-122ను అడ్డుకొనే మిరావిర్సెన్ అనే మందు రోగులలో వైరస్‌ను తగ్గించినట్లు 2013లో ప్రకటించారు.

ఒక్క అణువుకు వందల లక్ష్యాలుండడం చికిత్సకు చిక్కు కూడా. క్యాన్సర్ రోగులకు మిర్-34 నకలును ఇచ్చిన ప్రయోగాన్ని, తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాలు తలెత్తడంతో 2016లో నిలిపివేశారు.