నీటిలో దించిన రేకుగొట్టము



చిన్ననాడు చెరువులో మునిగి యుండగా, దూరమున మరియొకడు నీటిలో రెండు రాళ్లను తాటించినచో, ఆ చప్పుడు చెవిచెంతనే మ్రోగినట్లు వినిపించుట మీలో పలువురు ఎరిగినదే. తల పైకెత్తినంతనే ఆ చప్పుడు సన్నగిల్లును. పడవ క్రింది లోతును ధ్వనిచే కనుగొను సోనారు యంత్రమునకు ఈ చిన్నవింతయే మూలము. ఆ యంత్రము పుట్టుటకు ఎంతో ముందు, స్వల్పమైన సామగ్రితో రెండు చిన్నపడవలలో జరిగిన యొక పరీక్షను నేడు మీకు విన్నవించెదను.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల నడుమ జెనీవా సరస్సు కలదు. జెనీవా నగరమున 1802లో పుట్టిన కొలడోన్, 1803లో పుట్టిన స్టుర్మ్ అను మిత్రులిద్దరు, ద్రవములు ఒత్తిడికి ఎంతమాత్రము కుదించుకొనునో కొలువ బూనిరి. నీరు ఎంత కుదించుకొనునో తెలిసినయెడల, అందులో ధ్వని ఎంత వేగముగా పోవునో లెక్కకట్టవచ్చును. అయితే కాగితముపై లెక్క నిజమగునా? సరస్సే సాక్ష్యము చెప్పవలెను. ఆ సాక్ష్యము వినుటకై 1826లో కొలడోన్ పడవ యెక్కెను.

మొదట అతడు తల నీటిలో ముంచియే వినెను. కాని చెవి నీటిలోను, కన్ను గడియారముమీదను ఏకకాలమున నిలుచు టెట్లు? పడవలో కూర్చుండి విందమన్న, నీటిలోని ధ్వని గాలిలోనికి సులభముగా రాదు. నీటిమట్టమును తాకి చాలవరకు వెనుకకే మరలును. కావున చెవికి నీటిలో ఒక ప్రతినిధి కావలసెను. కొలడోన్ తగరపుపూతగల రేకుతో పొడవైన గొట్టమొకటి చేయించెను. దాని క్రిందికొస వెడల్పై, ఒకవైపునకు వంగి, పలుచని రేకుతో మూయబడి యుండెను. లోపల గాలియే కాని నీరు లేదు. క్రిందికొసను నీట దించి, రేకుముఖమును ధ్వని వచ్చు దిక్కునకు త్రిప్పి, పైకొసకు చెవి నొగ్గినచాలును. నీటిలోని కదలిక రేకును కదల్చును, రేకు లోపలిగాలిని కదల్చును.

రెండవ పడవలో ప్రక్కకు దూలము కట్టి, దానినుండి గంటను నీటిలోనికి వ్రేలాడదీసిరి. గంటను కొట్టు సుత్తికి పైన మీటకఱ్ఱ గలదు. ఆ మీటకే మండుచున్న వత్తిని అమర్చిరి. సుత్తి క్రింద గంటను తాకు క్షణముననే, పైన వత్తి తుపాకిమందును అంటించును. వెలుగు చూచినది మొదలు ధ్వని వినువరకు కాలమును కొలిచినచో పని ముగిసినట్లే.

రాత్రివేళ ఒక పడవ రోల్ వద్ద, మరొకటి ఎదుటి ఒడ్డున తోనోఁ వద్ద నిలిచెను. నడుమ దూరము సుమారు 13,487 మీటర్లు. మెఱుపు కనిపించిన పిమ్మట ఇంచుమించు 9.4 సెకండ్లకు గొట్టమున గంటధ్వని వినవచ్చెను. భాగించి చూడగా సెకండునకు 1,435 మీటర్ల వేగము, అనగా గాలిలోకంటె నాలుగింతలకు పైగా తేలెను. నాటి నీటివేడిమి సుమారు 8 డిగ్రీలు. ఆ వేడిమిగల మంచినీటికి నేటి కొలత సుమారు 1,439. రేకుగొట్టముతో కట్టిన లెక్కకును దీనికిని భేదము స్వల్పము. మిత్రులిద్దరికి 1827లో పారిసు విజ్ఞానపరిషత్తు మహాబహుమాన మొసగెను.

ఈ వేగము తెలియకున్న సోనారు లేదు. ధ్వనిని క్రిందికి పంపి, అది నేలను తాకి మరలివచ్చు కాలమును కొలిచి, వేగముచే గుణించి, పోవుటకును వచ్చుటకును కలిపినది గావున సగము చేసినచో లోతు తేలును. సముద్రమున ధ్వని సెకండునకు సుమారు 1,500 మీటర్లు పోవును. పదవవంతు సెకండులో ప్రతిధ్వని వచ్చిన లోతు 75 మీటర్లు. 1912లో టైటానిక్ ఓడ మునిగినపిమ్మట ఇట్టి యత్నములు హెచ్చెను. 1914లో ఫెస్సెండెన్ అట్లాంటికు సముద్రమున మంచుకొండనుండి ప్రతిధ్వనిని పట్టెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున లాంజివె స్ఫటికపు పలకలచే వినరాని సూక్ష్మధ్వనుల పుట్టించెను.

నేడు చిన్నపడవకు సోనారును అమర్చువారికిని కొలడోన్ సూత్రమే శరణ్యము. యంత్రము వెలగలది కావచ్చును. దానిని నిలుపుటకు మాత్రము ఒక చెక్కపలకయో, పడవయంచున బిగించిన గొట్టమో చాలును. కావలసినది ధనము కాదు, విధము తెలియుట. ధ్వని నిచ్చు ముఖము నీటిని అంటియుండవలెను; నడుమ గాలిబుడగలు చేరరాదు. చేరిన ధ్వని అచ్చటనే మరలిపోవును. బిగింపు కదలరాదు, ముఖము నేరుగా క్రిందికి చూడవలెను.

నేను బడిలో పాఠము చెప్పునాడు, "నీటిలో ధ్వనివేగ మెట్లు కొలిచిరి, అయ్యవారూ?" అని యొక బాలు డడిగెను. "మనకు పరికరములు లేవు నాయనా" అని పుస్తకములోని అంకెను చెప్పి ఊరకుంటిని. ఊరిలో గుడిగంట యుండెను, రేకుపని చేయువా డుండెను, నిండుచెరువు నుండెను. లేనిది నా యూహయే. ఆ యుత్తరము నేటికిని నన్ను బాధించుచున్నది. మీ మనుమలు అట్టి ప్రశ్న యడిగిన, నావలె లేమిని చెప్పి పంపివేయక, చెరువుగట్టునకు తోడుకొనిపొండు.